ఫ్రేములో పడని ఇల్లు

ఆదివారం పూట పెనం మీద క్యాబేజీ అట్టు అంచు మాడినప్పుడు ఒక వాసన వస్తుంది. కొంచెం తీపి, కొంచెం చేదు, వెనకాల ఎక్కడో నువ్వుల నూనె. ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చే కృష్ణారావు అంకుల్‌కి అది వట్టి మాడు వాసన. "పొయ్యి చూసుకోమ్మా శైలా" అని ఒక కేక వేసి, పొగ అలారం మోగకముందే లేచి కిటికీ తెరుస్తారు. బయట కోవెంట్రీ వాన సన్నగా పడుతూ ఉంటుంది. నా ముక్కుకు మాత్రం తగిలేది ఒసాకా. వేడి ఇనుప పలక, దాని మీద చిటపటలాడే క్యాబేజీ, పక్కన ఎత్తు స్టూలు మీద కాళ్ళు నేలకు అందక ఊపుకుంటూ కూర్చున్న విమల ఆంటీ. "అప్పుడే తిప్పకమ్మా, కాస్త మాడనీ" అని వంట చేసే జపాన్ ఆవిడకి తెలుగులోనే చెబుతూ ఉండేవారు. ఆవిడ కూడా అర్థమైనట్టే ఆగేది.

విమల ఆంటీ అంకుల్ గారి భార్య. ఇక్కడి ఆసుపత్రిలో రేడియాలజీ డాక్టరుగా చేశారు. తెనాలి మనిషి. పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆవిడ నాకు చుట్టం కాదు, టీచరు కాదు, పైఅధికారీ కాదు. అయినా ఈ ఊళ్ళో నేనింకా ఉన్నానంటే, ఇది మా ఊరు అని ఎవరితోనైనా వాదనకు దిగగలుగుతున్నానంటే, అది ఆవిడ వల్లే. ఆవిణ్ణి ఎన్నడూ చూడని వాళ్ళకు చెప్పాలంటే ముందు నా మణికట్టు దగ్గర మొదలుపెట్టాలి.

మాది ప్రొద్దుటూరు. మంచు అంటే ఫ్రిజ్‌లో గోకి తీసేదే తప్ప కాళ్ళ కింద పరుచుకుని ఉండేది అని ఎరగను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇంగ్లీషు దేశంలోని కోవెంట్రీ వచ్చిన మొదటి చలికాలం, తొంభై తొమ్మిది చివర్లో, బస్టాపు ముందు జారి పడ్డాను. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి కూర్చోమన్నారు. కాసేపటికి లోపలినుంచి ఒక పొట్టి ఆవిడ వచ్చారు. నేత చీర, దాని మీద కార్డిగన్, ఆ పైన తెల్లకోటు, కాళ్ళకు మగపిల్లలు పరుగెత్తడానికి వేసుకునే బూట్లు. ఎక్స్‌రే డాక్టర్లు సాధారణంగా రోగుల మొహం చూడరు. ఈవిడ నా పేరు చూసి వెతుక్కుంటూ వచ్చారు.

"శైలజ అంటే నువ్వేనా? ఏ ఊరమ్మా?"

"ప్రొద్దుటూరండీ."

"రా, నీ చెయ్యి చూద్దువుగాని."

లోపల వెలుగుతున్న పెట్టె మీద నా చెయ్యి నల్లగా తెల్లగా వేలాడుతోంది. చీలిక కనపడగానే నేను వేలు పెట్టబోయాను. ఆవిడ నా వేలు పక్కకు నెట్టారు. "నొప్పి ఉన్న చోట ఎవరైనా చూస్తారు. అక్కడికి ఆఖర్న రావాలి. ముందు ఒక్కో ఎముకనీ పలకరించుకుంటూ రా. లేకపోతే ఇంకోటి విరిగున్నా కనపడి చావదు." అలా వేళ్ళ కొసల నుంచి మొదలుపెట్టి అన్నీ చూపించి, చివరికి విరిగిన దాని దగ్గర ఆగి, అప్పుడు నా వైపు తిరిగి కింది నుంచి పైదాకా అదే రకంగా చూశారు. తడిసిన సాక్సు, భుజానికి సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న నిన్నటి టేక్‌అవే డబ్బా.

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. ఫ్లాట్‌లో ఒక్కదాన్నే."

"మరి చేతికి కట్టు కట్టాక అన్నం ఎట్లా వార్చుకుంటావు?"

నాకు ఏడుపొచ్చింది. అంతసేపూ నొప్పికి రానిది ఆ ప్రశ్నకు వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడే కారులో వాళ్ళింటికి తీసుకెళ్ళారు.

ఊళ్ళోనే ఎర్ల్స్‌డన్ పేటలో వాళ్ళ ఇల్లు. భోజనాల గదిలో గోడ నిండా నగరాల ఫోటోలు. అన్నీ ఎత్తు మీద నుంచి తీసినవి, అన్నీ మునిమాపు వేళవి: ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే దీపాలు వెలిగిన ఆ కొద్ది సమయం. ఆసుపత్రిలో కొత్తవి వచ్చినప్పుడు పారేయబోతున్న ఎక్స్‌రే పెట్టె ఒకటి అడిగి తెచ్చుకుని, బల్ల పక్కన పెట్టుకున్నారు. దాని మీద స్లైడ్లు పరిచి భూతద్దంతో చూసేవారు. కంచం పక్కన ఆవకాయ, ఆ పక్కన టోక్యో. నేను ఫోటోలు బాగున్నాయి అనగానే ఆంటీ చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి, ఒక దాని మీద వేలు పెట్టారు. "ఇదిగో, ఈ దీపం చూడు. ఇక్కడ బియ్యప్పిండి ఉండ్రాళ్ళు తిన్నాను. ఇదిగో ఇక్కడ వాన పడితే ఒక చెప్పుల కొట్టు ఆయన లోపలికి పిలిచి టీ ఇచ్చాడు." ప్రతి ఫోటో అద్దం మీదా వేలి ముద్రలు. అంకుల్ పాత పేపరు ఉండచుట్టి అద్దాలు తుడుస్తూ, "పగలంతా సర్జరీలో రోగుల్ని చూడటం, ఇంటికొచ్చి ఈవిడ ముద్రలు తుడవడం. ఇదీ నా బతుకు" అన్నారు. ఆయన జీపీ, అంటే పేట డాక్టరు; వాళ్ళ క్లినిక్‌ని ఇక్కడ సర్జరీ అంటారు. విమానం ఎక్కరు. పడవ కూడా ఎక్కరు. ఆవకాయ, క్రికెట్టు, పెరట్లో గులాబీలు ఉంటే ఆయనకు ఇంక ఏ దేశమూ అక్కర్లేదు.

అందుకే ఆంటీకి తోడు కావలసి వచ్చింది. ఏడాది తిరిగేసరికి నా చెయ్యి అతుక్కుంది గానీ నేను కోవెంట్రీకి అతుక్కోలేదు. పొద్దున ఆఫీసు, సాయంత్రం ఫ్లాటు, శనివారం సూపర్‌మార్కెట్. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. కాంట్రాక్టు అయిపోవస్తోంది. ఇంకో ఏడాది ఉంటావా అని ఆఫీసువాళ్ళు అడిగారు. క్రిస్మస్ లోపల చెప్పమన్నారు. హైదరాబాదులో ఉద్యోగం సిద్ధంగా ఉంది. మనసులో ఎప్పుడో సూట్‌కేసు సర్దేసుకున్నాను. ఆ మాట ఆంటీతో అంటే ఆవిడ వద్దనలేదు, ఉండమనలేదు. "వెళ్ళేదానివి ఎటూ వెళ్తావు. ఈ నవంబరులో రెండు వారాలు నాతో జపాన్ రా. మీ అంకుల్ రాడు. ఒంటరిగా తింటే నాకు సహించదు" అన్నారు.

ఆవిడ కెమెరా సామాన్లు సర్దుతుంటే చూసి నవ్వాను. ఎత్తు భవనాల మీద మూడు కాళ్ళ స్టాండు పెట్టనివ్వరు. చేత్తో పట్టుకుంటే మునిమాపు ఫోటో చెదిరిపోతుంది. దానికి ఆవిడ ఉపాయం ఒక చిన్న తలగడ. పాత వెంకటగిరి చీర అంచుతో కుట్టి, లోపల కందిపప్పు నింపారు. దాన్ని పిట్టగోడ మీద పెట్టి, దాని మీద కెమెరాను పడుకోబెడితే కదలదు. "ఇసుక పోసుకోవచ్చు కదా ఆంటీ" అన్నాను. "ఇసుకైతే అవసరానికి వండుకోలేం" అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆ మాట నిజమవుతుందని అప్పుడు అనుకోలేదు.

టోక్యోలో దిగిన రోజే నేను తొందరపడ్డాను. ఎత్తుకు ఎక్కితే ఊరంతా ఒక్కసారే కనపడుతుంది, తర్వాత ఏది కావాలంటే అది చూడొచ్చు అన్నాను. ఆంటీ ససేమిరా ఒప్పుకోలేదు. "పైకెక్కితే కనపడుతుందమ్మా, కానీ ఎవరు కనపడతారు? మొహాలు తెలియని పెళ్ళివాళ్ళ గ్రూపు ఫోటో చూసినట్టుంటుంది. ముందు కింద తిరుగుదాం, తిందాం, దారి తప్పుదాం. ఆఖరి సాయంత్రం పైకి పోదాం." ఆవిడ పద్ధతి అదే. ఏ ఊళ్ళోనైనా ఫోటో ఆఖరి రోజే. మూడు రోజులు టోక్యోలో నా కాళ్ళు పీకేలా నడిపించారు. స్టేషన్లలో నిలబడి తినే నూడిల్స్ కొట్లు, గుడి ముందు అమ్మే చిలగడదుంపలు, చేపల బజారు పక్కన ముక్కు మూసుకుని తాగిన పచ్చ టీ. ఆఖరి సాయంత్రం షిన్‌జుకులో ఒక ఎత్తు భవనం ఎక్కి, అద్దంలో మా ప్రతిబింబాలు పడకుండా ఆంటీ తన నల్ల శాలువాను అద్దానికి అదిమి పట్టుకోమన్నారు. శాలువా కింద తలదూర్చి చూస్తే కోటి దీపాలు. "అదుగో ఆంటీ, నేను గొడుగు మర్చిపోయిన స్టేషను" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. అంత పెద్ద ఊళ్ళో నేను మర్చిపోయిన గొడుగు ఎక్కడుందో నాకు తెలుసు.

ఒసాకాలో ఎక్కువ రోజులున్నాం. ఒక ముసలావిడ తన ఇంట్లోనే రెండు గదులు యాత్రికులకు ఇస్తుంది. కింద ఆవిడ వంటిల్లు, పైన మా చాపల గది. ఆంటీ గుడ్డు తింటారు, మాంసం, చేప ముట్టరు. గుడ్డు శాకాహారమని డాక్టర్లంతా ఏనాడో తీర్మానించుకున్నారని చెప్పేవారు. అందువల్ల క్యాబేజీ అట్టు ఆవిడకు పండగ అయింది. పిండి, గుడ్డు, క్యాబేజీ తప్ప ఏమీ వద్దని చేతులూపి చెప్పి, మూడు పూటలా అదే తినడానికి సిద్ధపడ్డారు.

రెండో రోజు బజారులో ఒక కొట్టు ముందు ఆగిపోయారు. కొట్టతను ఒక గట్టి చెక్క ముక్కను చిత్రిక మీద రాస్తున్నాడు. గులాబీ రంగు పొరలు పల్చగా రాలుతున్నాయి. ఆంటీ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని బరువు చూశారు, గోటితో గీశారు, వాసన చూశారు. "దాల్చినచెక్కకి అన్నలా ఉంది. పొగబెట్టారు. మన గంధపు చెక్క లాగే ఏదో సుగంధద్రవ్యం" అని తేల్చారు. అతను చిటికెడు పెడితే నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. ఒక పొట్లం కొన్నారు. ఆ రోజు నుంచి వేడన్నం మీద, అట్టు మీద, అన్నింటి మీదా అదే చల్లుకోవడం. వేడి తగలగానే ఆ పొరలు వంకర్లు తిరుగుతూ కదిలేవి. "చూడవే, చెట్టు బెరడు కూడా ఈ దేశంలో ఆడుతుంది" అని చిన్నపిల్లలా మురిసిపోయారు.

మూడు రోజుల తర్వాత, ఆంటీ పైన ఫిలిం మార్చుకుంటుంటే ఆ పొట్లం వంటింట్లో పెట్టడానికి దిగాను. ఇంటావిడ దాన్ని చూసి, ఆంటీ వైపు పైకి చూపించి, మెచ్చుకోలుగా తల ఊపింది. ఇదేమిటని సైగ చేశాను. ఆవిడ అరచెయ్యి నిలువుగా పెట్టి గాలిలో ఈదించింది. మళ్ళీ అడిగాను. ఈసారి చేతి కొసను తోకలా కూడా ఊపింది. అది చెక్క కాదు. ఎండబెట్టి, పొగబెట్టి, చెక్కలా బిగించిన చేప.

ఎట్ల చెప్పేదని మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. చెప్పకపోతే చివరి దాకా తింటారు. చెబితే ఈ ప్రయాణమే ఆవిడకు చేదైపోతుంది. చివరకు పైకి వెళ్ళి, "ఆంటీ, అది చెక్క కాదంట. చేపంట" అనేశాను. ఆవిడ ఫిలిం డబ్బా మూత పెట్టారు. కిందికి వెళ్ళి నోరు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు. తిరిగొచ్చి చాప అంచున కూర్చుని, "ఇన్నేళ్ళు నీడలు చూసి ఇది నీరు, ఇది గడ్డ అని చెప్పాను. చేపకీ చెక్కకీ తేడా తెలియలేదు చూడు" అన్నారు. కోపం లేదు, తన మీద తనకు నమ్మకం పోయినట్టుంది. కాసేపటికి, "మూడు రోజులు తిన్నది ఇప్పుడు కక్కలేం కదా. మీ అంకుల్‌కి మాత్రం చెప్పకు" అన్నారు.

ఆ తర్వాత ఇంకో సంగతి తెలిసింది. ఆ ఊళ్ళో సూపు, పులుసు, చివరికి కొన్ని కొట్లలో మా క్యాబేజీ అట్టు పిండి కూడా ఆ చేపనీళ్ళతోనే కలుపుతారు. ఇక ఆంటీ బయట ఏదీ ముట్టలేదు. అన్నం, అరటిపండు, బత్తాయిలు. మర్నాడు కోబె వెళ్ళినప్పుడు మొహం వాడిపోయి ఉంది. అక్కడ ఓడరేవులో, భూకంపానికి విరిగిన గట్టు ముక్కను అలాగే ఉంచి చుట్టూ కంచె వేశారు. వెనకాల ఊరంతా కొత్తగా లేచి నిలబడింది. ఆంటీ కంచె పట్టుకుని, "మన కోవెంట్రీ కూడా ఇంతేగా. బాంబులకి నేలమట్టమై మళ్ళీ లేచింది" అన్నారు. ఆ 'మన' నాకు అన్నంలో రాయిలా తగిలింది. ఆవిడ నా మొహం చూసి మాట మార్చారు.

ఆ సాయంత్రం ఒసాకాలో మా గది మెట్లెక్కుతూ ఆవిడ కమ్మీ పట్టుకుని ఆగిపోయారు. నాకు భయమేసింది.

"ఆంటీ, ఇట్లయితే కుదరదు. పప్పు వండుతా, తినండి."

"ఇక్కడ పప్పెక్కడిదే?"

"మీ కెమెరా కింద ఉంది కదా."

"అది తలగడ శైలా. ఎన్ని గోడల దుమ్ము తిన్నదో."

"కడుగుతా. అవసరానికి వండుకోవచ్చని మీరే చెప్పినారు."

గోళ్ళ కత్తెరతో చీర అంచు కుట్టు విప్పాం. నీళ్ళు తేటపడేదాకా పప్పు కడిగాను. ఇంటావిడ తన పొయ్యి ఇచ్చింది. చింతపండు లేదు. నా తిప్పలు చూసి ఆవిడ జాడీలోంచి ఉప్పులో ఊరిన పుల్లటి పండు తీసిచ్చింది. నువ్వుల నూనెలో వెల్లుల్లి, ఎండుమిరపకాయ, ఆంటీ మందుల సంచిలోంచి బయటపడిన ఇంగువ. తాలింపు ఘాటుకు ముగ్గురం దగ్గాం. ఇంటావిడ కిటికీ తెరిచింది గానీ వెళ్ళిపోలేదు, గిన్నె పట్టుకుని కూర్చుంది. ఆంటీ మొదటి ముద్ద తినగానే రెండోది కలుపుకున్నారు. రెండో ముద్దకి కళ్ళు తుడుచుకున్నారు. అన్నం మూడోసారి పెట్టించుకున్నాక, "ఇప్పుడు ఈ ఊళ్ళో మనకి పొయ్యి వెలిగింది" అన్నారు. నేను ఏడాదిగా నా ఫ్లాట్‌లో వంట చేసుకుంటున్నాను. ఎవరికీ వండిపెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఖాళీ తలగడను ఇంటావిడ ఎర్రటి చిన్న గింజలతో నింపి, తనే కుట్టింది. మన బొబ్బర్ల లాంటివి. మర్నాడు ఒసాకాలో ఆఖరి సాయంత్రం. జంట భవనాలను పైన కలుపుతూ కట్టిన డాబా ఎక్కాం. నెత్తిన ఆకాశమే. గాలి చెవులు కోస్తోంది. ఆంటీ ఎర్ర గింజల తలగడను పిట్టగోడ మీద పరిచి, కెమెరాను పడుకోబెట్టి, వేచి చూశారు. నది మీద రైలు వెళ్ళింది. నీలం చిక్కబడింది. ఎక్స్‌రే గదిలో చెప్పే గొంతుతోనే, "ఊపిరి పీల్చు. ఆపు" అన్నారు. నేను నిజంగానే ఆపాను. "ఇక వదులు."

"మనం పప్పు వండిన ఇల్లు పడిందా ఆంటీ?"

ఆవిడ వంగి చూశారు. "లేదు. ఆ స్తంభం అవతలికి పోయింది." నాకు చాలా బాధగా అనిపించింది. ఆవిడకు లేదు. కోవెంట్రీ వచ్చాక ఆ ఫోటో గోడకు పెట్టి, ఎవరో చుట్టాలు వస్తే అట్టు తిన్న చోటు, బజారు, అన్నీ అద్దం మీద చూపించి, చివరికి ఫ్రేము దాటి గోడ కాగితం మీద వేలు ఆనించారు. "ఇక్కడ పప్పు వండుకున్నాం." అంకుల్ నిట్టూర్చి, "అద్దాలు చాలక గోడలు కూడానా" అన్నారు.

ఆ డిసెంబరులో, నేను ఆఫీసుకు జవాబు చెప్పవలసిన వారం, ఆంటీ ఫోన్ చేసి కెమెరాతో మా ఫ్లాటు కిందికి వచ్చానన్నారు. కోవెంట్రీలో ఎక్కి చూసే డాబాలు ఏముంటాయనుకున్నాను. సిటీ సెంటర్‌లో కార్ పార్కు పై అంతస్తుకు తీసుకెళ్ళారు. నాలుగు గంటలకే పొద్దు వాలింది. మూడు పాత చర్చి శిఖరాలు, రింగ్ రోడ్డు చుట్టూ కార్ల దీపాలు, దూరంగా ఫ్యాక్టరీ కప్పులు. చూడగా చూడగా నిజంగానే అందంగా ఉంది. ఇక్కడ స్టాండు పెట్టుకుంటే అడిగేవాళ్ళు లేరు. అయినా ఆంటీ గోడ మీద తలగడే పరిచి, కెమెరా పెట్టి, నా వైపు తిరిగారు.

"నువ్వు వెళ్ళిపోతున్నావుగా. ఒకటి తీసి ఇస్తాను, పట్టుకుపో. ముందు చూపించు, ఎక్కడెక్కడ తిన్నావు?"

చెయ్యెత్తాను. "అది మా ఆఫీసు. అక్కడ నా ఫ్లాటు. ఆ పచ్చ బోర్డు సూపర్‌మార్కెట్." నా వేలు గాల్లోనే ఉండిపోయింది. టోక్యోలో గొడుగు మర్చిపోయిన చోటు చూపించిన దాన్ని, ఏడాదికి పైగా బతికిన ఊళ్ళో ఇంకొక్క దీపం చూపించలేకపోయాను. ఆంటీ వెక్కిరించలేదు. లెన్సు మూత పెట్టేశారు.

"అయితే ఇవాళ వద్దులే."

"తీయండి ఆంటీ, బాగుంది కదా."

"బాగుంటుంది. పోస్టుకార్డు కొనుక్కో, అంతకంటే బాగుంటుంది. వెళ్ళు అమ్మా, నేను కాదనను. కానీ ఊరిని చూడకుండానే నచ్చలేదని వెళ్ళకు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంటికి వెళ్ళి తలుపు గట్టిగా వేసుకున్నాను. నాకేం తక్కువని, ఈ వాన ఊళ్ళో దీపాలు లెక్కబెట్టాలా అనుకున్నాను. పొద్దున లేచాక కోపం చల్లారి, నొప్పి ఉన్న చోటునే చూస్తున్నానేమో అనే అనుమానం మిగిలింది. ఆఫీసుకు వెళ్ళి ఏడాది కాదు, ఆరు నెలలు ఉంటానని చెప్పాను. ఫోటో తీయించుకుని పోదామని.

అప్పుడు మొదలుపెట్టాను. ఫోల్స్‌హిల్ రోడ్డులో శనివారం వేడి వేడి జిలేబీ వేసే గుజరాతీల మిఠాయి కొట్టు. ఆఫీసు వెనక కెఫేలో గుడ్డు పెట్టిన బన్ను అడిగితే, ఈ ఊళ్ళో దాన్ని బ్యాచ్ అంటారని దిద్ది, మర్నాటి నుంచి నేను రాగానే పెనం మీద గుడ్డు కొట్టే ముసలాయన. గుండ్రటి మార్కెట్టులో పచ్చి అరటికాయలు అమ్మే జమైకా ఆవిడ. మా వేపుడు ఎలా చేస్తామో చెబితే ఆవిడ మెచ్చుకోకుండా తన పద్ధతి చెప్పింది. వేయించిన బంగాళాదుంప ముక్కలు అమ్మే చిప్ షాపులో "సాల్ట్ అండ్ వినిగర్, లవ్?" అనే ఆవిడ. మొదట్లో ఆ 'లవ్' వింటే ఒళ్ళు మండేది. అది మన 'అమ్మా' లాంటిదేనని తెలిసేసరికి ఫిబ్రవరి అయింది. ఆఫీసులో నా పక్క బల్ల అమ్మాయిని ఒక శుక్రవారం ఫ్లాట్‌కి భోజనానికి పిలిచి, పప్పు వండిపెట్టాను. నీళ్ళు తాగుతూ, కళ్ళు తుడుచుకుంటూ, గిన్నె ఖాళీ చేసింది.

ఉగాది దాటిన వారం, ఆంటీని నేనే కార్ పార్కు మీదికి పిలిచాను. ఆవిడ అడగకముందే చూపించడం మొదలుపెట్టాను. జిలేబీ, బ్యాచ్, అరటికాయ, చిప్స్. గాలికి ఆవిడ చీర కొంగు నెత్తికి చుట్టుకుని వింటూ ఉన్నారు. ఆకాశం నీలంగా చిక్కబడింది. నేనే ఊపిరి పీల్చి ఆపాను. క్లిక్ మన్నాక గుర్తొచ్చింది.

"మీ ఇల్లు పడిందా ఆంటీ? నేను ఎక్కువ తిన్నది అక్కడే కదా."

"మాది వెనకవైపు. పడదు."

"అయ్యో, చెప్పుంటే అటు తిప్పేవాళ్ళం."

"పడకపోతే పోయె. వేలుందిగా" అన్నారు కెమెరా సర్దుకుంటూ.

ఆ ఆరు నెలలు ఏడాదయ్యాయి. ఆ తర్వాత పెళ్ళి, ఇల్లు, మా పాప. హైదరాబాదు ఉద్యోగం ఎవరికి దక్కిందో తెలియదు. ఆంటీతో నాగసాకి, హిరోషిమా వెళ్ళాను, ఇంకా చాలా అట్లు తిన్నాను, చెక్కల్ని మాత్రం నమ్మలేదు. ఆవిడ చివరిసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రోగిగా, తన ఫిల్ములు తనే చూడాలని పట్టుబట్టారు. "నొప్పి ఉన్న చోటికి ఆఖర్న రావాలి కదా ఆంటీ" అంటే నవ్వారు. ఎక్కువ రోజులు బాధపడలేదు. అది మాకు కొంత నయం. అంకుల్‌ను ఒకసారి ఆ చేప సంగతి ఎరుగుదురా అని భయంభయంగా అడిగాను. "హీత్రూలో కారెక్కగానే చెప్పేసింది. తన తప్పు దాచుకోవడం దానికి చేతయితే కదా" అన్నారు.

ఆవిడ కెమెరా అంకుల్ నాకిచ్చారు. ఎర్ర గింజల తలగడ కూడా. ఇప్పటికీ ఏ కొత్త ఊరెళ్ళినా పైకి ఎక్కను. ఆఫీసు పని మీద వాట్‌ఫర్డ్ వెళ్ళినా ముందు ఎవరి దగ్గరో ఏదో తిని, ఒక్కసారైనా దారి తప్పుతాను. తోటివాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. మా పాపకు ఐదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబులన్నీ ఇంగ్లీషులో. మా భోజనాల గదిలో కోవెంట్రీ ఫోటో ముందు నిలబెట్టి అన్నీ చూపిస్తాను. చివరికి ఫ్రేము దాటి గోడ మీద వేలు పెట్టి, ఇక్కడ అమ్మ అన్నం తిన్నది అంటాను. "బట్ మమ్, దేర్స్ నథింగ్ దేర్" అనేది మొదట్లో. మొన్న స్కూలు స్నేహితురాలు వస్తే, ఆ పిల్లకు జిలేబీ కొట్టు, చిప్ షాపు చూపించి, మునివేళ్ళ మీద లేచి తనే గోడ మీద వేలు పెట్టింది.

ఆ చోట గోడ మీద నల్లటి మచ్చ పడింది. పోయిన ఆదివారం, అట్లు వేశాక, తడిగుడ్డ పట్టుకుని గోడలు తుడుస్తూ ఆ ఫోటో దాకా వచ్చాను. అంకుల్ బల్ల దగ్గర కూర్చుని ఆవకాయ కలుపుకుంటున్నారు. ఒకప్పుడు ఆంటీ వేలిముద్రలు తుడవడమే తన బతుకని సణిగిన మనిషి. నా చెయ్యి మచ్చ మీదికి వెళ్ళబోతుంటే ఆయన తల ఎత్తలేదు.

"అక్కడ తుడవకమ్మా" అన్నారు. "ఇంకో అట్టు వెయ్యి. అంచు కాస్త మాడనీ."